అర పాయింటు లెల్లా

పరీక్షలో అర మార్కు తగ్గిందని మొహం మాడ్చుకునే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అర మార్కు వచ్చిందని పండగ చేసుకున్నవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూళ్ళేదు. కానీ ఒకావిడ అచ్చంగా అర మార్కుతోనే చరిత్రకెక్కింది. కార్ల రేసుల్లోకెల్లా పెద్దదని చెప్పుకునే ఫార్ములా వన్ ప్రపంచ పోటీలు 1950లో మొదలయ్యాయి. అప్పట్నుంచి ఇది రాస్తున్న ఈ రోజు వరకూ అందులో పాయింటు సంపాదించిన మహిళ ఒక్కరంటే ఒక్కరే. ఆ పాయింటైనా నిండు పాయింటు కాదు, సగం. ఆమె పేరు లెల్లా లొంబార్డి. ఇటలీ దేశస్థురాలు.

లెల్లా గురించి రాసేవాళ్ళలో చాలామంది ఈ అర పాయింటు దగ్గరే ఆగిపోతారు. నాకైతే ఆ తర్వాతి కథే ఎక్కువ నచ్చింది. ఫార్ములా వన్ నుంచి బయటికొచ్చాక ఆమె మన బజార్లో కనిపించేలాంటి కార్లతో నడిచే టూరింగ్ కార్ పోటీల్లో స్థిరపడింది. ఆ పోటీలకున్న రూల్సు చదువుతుంటే, లెల్లాకి అక్కడ చోటెలా దొరికిందో నాకు కొంత అర్థమైంది. అందుకే ఈవారం ఆమె కథతో పాటు ఆ రూల్సు సంగతి కూడా చెబుతాను. రూల్సనగానే పేజీ తిప్పేయకండి. వంటింటి కొలతల కన్నా కష్టమేమీ కావవి.

మాంసం కొట్టు వ్యానుతో...

లెల్లా అసలు పేరు మరియా గ్రాజియా లొంబార్డి. 1941 మార్చి 26న ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఫ్రుగరోలో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రిది మాంసం దుకాణం. కొట్టు నుంచి సరుకు చుట్టుపక్కల ఊళ్ళకి చేర్చే వ్యానే లెల్లాకి మొదటి బండి. సరుకు త్వరగా చేర్చాలి, మలుపుల్లో బండి అదుపు తప్పకూడదు. ఆమెకి డ్రైవింగ్ పాఠాలు అక్కడే మొదలయ్యాయి. మధ్యతరగతి ఇంటి పిల్ల. రేసు కార్లు కొనిపెట్టే స్తోమత గానీ, పెద్దవాళ్ళ పరిచయాలు గానీ ఆ ఇంట్లో లేవు.

1960ల మధ్యలో ఇటలీలో కొత్తవాళ్ళ కోసం నడిపే చిన్న తరహా రేసుల్లో అడుగుపెట్టింది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. 1973లో ఫోర్డ్ ఎస్కార్ట్ మెక్సికో కార్ల పోటీలో విజేతగా నిలిచింది. ఈ పోటీలో ఒక తమాషా ఉంది. అందరూ ఒకే రకం కారు నడపాలి. నా కారు పాతది, నీ ఇంజిన్ పెద్దది అన్న సాకులకి తావుండదు. మిగిలేదల్లా నడిపేవాళ్ళ నేర్పే. అలాంటి చోట లెల్లా గెలిచిందంటే ఆమె సత్తా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మరుసటేడాది, 1974లో ఇంగ్లండ్ వెళ్ళింది. అక్కడ ఫార్ములా 5000 అని, అయిదు లీటర్ల భారీ ఇంజిన్ ఉండే కార్ల పోటీలు జరిగేవి. బలమున్న మగాళ్ళు కూడా ఆ కార్ల స్టీరింగుతో కుస్తీ పట్టాల్సిందే. లెల్లా ఆ ఏడాదంతా వాటితో నెగ్గుకొచ్చింది. అదే ఏడాది బ్రిటిష్ గ్రాండ్ ప్రీలో ఫార్ములా వన్ కారెక్కే అవకాశం వచ్చింది. రేడియో లగ్జెంబర్గ్ ఆ కారుకి డబ్బు పెట్టింది. ఆ స్టేషన్ వినబడేది 208 మీటర్ల దగ్గర. కాబట్టి కారు నెంబరు కూడా 208 అని పెద్దక్షరాలతో వేశారు! ఆ రోజు ఆమెకి అర్హత దక్కలేదు గానీ, పేరు మాత్రం పత్రికలకెక్కింది. టురిన్ ఆడపులి అని బిరుదిచ్చారు. ఆమెది టురిన్ కాకపోయినా ఆ పేరు అంటుకుపోయింది.

1975లో లవాజా అనే కాఫీ కంపెనీ పెట్టుబడితో మార్చ్ అనే టీమ్‌లో సీటు దొరికింది. ఆ ఏడాది దక్షిణాఫ్రికా గ్రాండ్ ప్రీలో ఆమె కారు గీత దగ్గర నిలబడింది. అంతకుముందు మరియా తెరెసా డి ఫిలిప్పిస్ అనే మరో ఇటలీ మహిళ 1958లో ఫార్ములా వన్ రేసుల్లో పాల్గొంది. ఆవిడ తర్వాత ఇంత కాలానికి మళ్ళీ లెల్లాయే.

ఆ సగం ఎలా వచ్చింది?

1975 ఏప్రిల్ 27. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో మొంట్‌జుయిక్ పార్కు. పార్కు రోడ్లనే రేసు ట్రాకుగా మార్చారు. పక్కన ఇనప కంచె కట్టారు. డ్రైవర్లు వెళ్ళి చూస్తే ఏముంది? కంచెకి బోల్టులు సరిగ్గా బిగించలేదు! కంచె ఉండాలన్న నిబంధన కాగితం మీదుంది. బోల్టు బిగించే చెయ్యి మాత్రం లేదు. డ్రైవర్లు కారెక్కమని మొండికేశారు. టీముల మెకానిక్కులే పానాలు పట్టుకుని వెళ్ళి తోచినంత బిగించారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి రేసులో దిగకుండానే వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు బలవంతాన బయల్దేరారు. లెల్లా దాదాపు చివరి వరుసలో ఉంది.

26వ రౌండులో, ముందు పోతున్న రోల్ఫ్ స్టొమ్మెలెన్ కారుకి వెనక రెక్క విరిగిపోయింది. కారు గాల్లోకి లేచి కంచె అవతల పడింది. అక్కడ నిలబడ్డవాళ్ళలో కొందరి ప్రాణాలు పోయాయి. స్టొమ్మెలెన్ గాయాలతో బయటపడ్డాడు. 75 రౌండ్ల రేసుని 29 రౌండ్ల దగ్గర నిలిపేశారు. అప్పటికి లెల్లా ఆరో స్థానంలో ఉంది.

ఇక్కడే లెక్క వస్తుంది. ఆ రోజుల్లో మొదటి ఆరుగురికే పాయింట్లు. మొదటివారికి 9, తర్వాత వరసగా 6, 4, 3, 2, 1. అయితే రేసు అరవై శాతం దూరమైనా సాగకుండా ఆగిపోతే అందరికీ సగం పాయింట్లే ఇవ్వాలని రూలు. 75లో 29 అంటే నలభై శాతం కూడా కాదు. అందుకని గెలిచిన యోఖెన్ మాస్‌కి 9 బదులు 4.5 ఇచ్చారు. ఆరో స్థానంలో ఉన్న లెల్లాకి ఒకటి బదులు సగం. అదన్నమాట ఆ అర పాయింటు పుట్టుక! చావులు చూసిన రోజున దక్కిన పాయింటది. దాన్ని తలుచుకుని పండగ చేసుకునే వీల్లేదు, కాదనే వీలూ లేదు. మొంట్‌జుయిక్‌లో ఆ తర్వాత మళ్ళీ ఫార్ములా వన్ రేసు జరగలేదు.

అదే ఏడాది జర్మనీలో, ఒక్కో రౌండు ఇరవై రెండు కిలోమీటర్లు దాటే నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద లెల్లా ఏడో స్థానంలో వచ్చింది. ఆ రోజుల రూలు ప్రకారం ఏడో స్థానానికి సున్నా. 2010 నుంచి మొదటి పదిమందికీ పాయింట్లిస్తున్నారు. ఇప్పటి లెక్కలో ఆ ఏడో స్థానం విలువ 6 పాయింట్లు. చూశారా, చేసిన పని ఒకటే అయినా తూకం రాళ్ళు మారితే బరువు మారిపోతుంది!

కారులో పగులుంటే...

ఈ ముక్క మాత్రం ఆడవాళ్ళందరూ శ్రద్ధగా చదవాలి. 1975 పొడుగునా లెల్లా తన కారు గురించి టీమ్‌కి ఒకటే మాట చెబుతూ వచ్చింది. మలుపుల్లో కారు మాట వినడంలేదని, ఎక్కడో తేడా ఉందని. టీమ్ వాళ్ళు పట్టించుకోలేదు. ఆడమనిషి, బరువైన కారు తిప్పలేకపోతోంది కాబోలు అనుకున్నారు. 1976లో బ్రెజిల్ రేసు తర్వాత ఆ సీటు రోనీ పీటర్సన్‌కి వెళ్ళింది. ప్రపంచంలోనే మేటి డ్రైవర్లలో ఒకడతను. ఆ కారెక్కి అతనూ అదే మాట చెప్పాడు. అప్పుడు విప్పి చూశారు. వెనకవైపు అచ్చుపోసిన లోహపు భాగంలో పగులు కనబడింది! ఈ సంగతి బయటపెట్టింది బయటివాళ్ళెవరో కాదు. ఆ కారుని రూపొందించిన రాబిన్ హెర్డే తర్వాతి కాలంలో చెప్పుకొచ్చారు.

ఇంట్లో నీళ్ళ మోటారు వింత చప్పుడు చేస్తోందని ఇల్లాలు నెల రోజులుగా చెబుతుంటే, నీకన్నీ అనుమానాలే అంటారు. పక్కింటాయన వచ్చి ఏమండీ మోటారు తేడాగా ఉందే అనగానే మెకానిక్ కోసం కబురు వెళుతుంది. మనకి తెలియని కథా ఇది? కాకపోతే మోటారు చెడితే నీళ్ళు రావు. గంటకి రెండొందల కిలోమీటర్ల పైన పరిగెత్తే కారులో పగులుంటే ప్రాణమే పోతుంది.

నేను గమనించిందేమిటంటే, ఫార్ములా వన్ రూల్సు పుస్తకంలో ఎక్కడా ఆడవాళ్ళు రాకూడదని లేదు. ఆమెని ఏ రూలూ ఆపలేదు. ఆపినవన్నీ పుస్తకంలో లేనివే. ఎవరికి మంచి కారివ్వాలి, ఎవరి మీద డబ్బు పెట్టాలి, ఎవరి మాట నమ్మాలి... వీటికి రూలు ఎవరు రాస్తారు? తనిఖీ చేసేవాళ్ళు టేపు పెట్టి పొడుగూ వెడల్పూ కొలుస్తారు. పగులు కనబడాలంటే మాత్రం నడిపినవాళ్ళ మాట ఎవరో ఒకరు నమ్మాలి.

1976 ఆగస్టులో ఆస్ట్రియా గ్రాండ్ ప్రీలో పన్నెండో స్థానం. అదే ఆమె చివరి ఫార్ములా వన్ రేసు. మొత్తం పన్నెండు రేసుల్లో పాల్గొంది. ఆమె తర్వాత మరికొందరు మహిళలు ప్రయత్నించారు గానీ, రేసు మొదలయ్యే గీత దాకా ఎవరూ చేరలేకపోయారు.

బజారు కార్ల పోటీ

అక్కడితో ఇంట్లో కూర్చుంటే ఆమె లెల్లా ఎందుకవుతుంది? 1977 జూలై 4న అమెరికాలోని డేటోనాలో జానెట్ గథ్రీ, క్రిస్టీన్ బెకర్స్‌లతో పాటు రేసుకి దిగింది. ఒకే రేసులో ముగ్గురు ఆడవాళ్ళు! గంటల తరబడి సాగే స్పోర్ట్స్ కార్ల పోటీల్లో గెలుపు రుచి కూడా చూసింది. 1979లో సిసిలీలోని పెర్గూసాలో ఆరు గంటల రేసు ఎన్రికో గ్రిమాల్డితో కలిసి, 1981లో ముజెల్లోలో ఆరు గంటల రేసు జార్జియో ఫ్రాంచియాతో కలిసి గెలిచింది. అర పాయింటు దగ్గరే కథ ఆపేసేవాళ్ళకి ఈ సంగతులు తెలియవు.

ఆ తర్వాత 1982 నుంచి 1985 దాకా యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో ఆల్ఫా రోమియో జీటీవీ 6 నడిపింది. ఇప్పుడు రూల్సు సంగతికొద్దాం.

ఫార్ములా వన్ కారు ఒక్క రేసు కోసమే తయారవుతుంది. దానికి ఒకటే సీటు. డబ్బున్న టీమ్ దగ్గర మంచి కారు, లేని టీమ్ దగ్గర నాసి కారు. టూరింగ్ కార్ అలా కాదు. 1982 నుంచి ఆ పోటీలు గ్రూప్ ఏ అనే నిబంధనల కిందికొచ్చాయి. వాటిలో మొదటిది, పోటీకి తెచ్చే మోడల్ కార్లని కంపెనీ పన్నెండు నెలల్లో కనీసం 5,000 తయారుచేసి ఉండాలి. అంటే షోరూములో మామూలు మనిషి కొనుక్కునే కారే అయ్యుండాలి. పైకి కనబడే రూపం మారకూడదు. లోపల ఏవి మార్చొచ్చు, ఏవి ముట్టుకోకూడదు అన్నది జాబితాగా రాసిపెట్టారు. ప్రతి మోడల్‌కీ కొలతలన్నీ రాసిన ఒక పత్రముంటుంది. మన రేషన్ కార్డులో ఇంటిల్లిపాది పేర్లూ ఉన్నట్టు, అందులో ఆ కారు భాగాల వివరాలన్నీ ఉంటాయి. అధికారులు ఆ పత్రం పక్కన పెట్టుకుని కారు చూస్తారు. పత్రంలో లేనిది కారులో ఉంటే ఫలితం చెల్లదు.

రెండోది ఇంజిన్ సైజు. చిన్న కారుని పెద్ద కారుతో పోల్చడం న్యాయం కాదు కదా. అందుకని మూడు విభాగాలు చేశారు. 1600 సీసీ వరకూ ఒకటి, 1600 నుంచి 2500 వరకూ ఒకటి, ఆ పైన మరొకటి. లెల్లా ఆల్ఫా ఇంజిన్ 2,492 సీసీ. అంటే మధ్య విభాగంలో గీతకి కాస్త ఇవతలన్నమాట. 3.5 లీటర్ల బీఎండబ్ల్యూలూ, 5.3 లీటర్ల జాగ్వార్లూ పై విభాగం. రేసంతా ఒకేసారి, ఒకే ట్రాకు మీద జరుగుతుంది. కానీ ఎవరి పోటీ వాళ్ళ విభాగంలోనే.

టర్బో ఇంజిన్లకి ఇంకో లెక్క. అవి గాలిని బలవంతంగా లోపలికి తోసి ఎక్కువ శక్తి తీస్తాయి. అందుకని వాటి సైజుని 1.4తో హెచ్చవేసి చూడాలన్నారు. వోల్వో టర్బో ఇంజిన్ నిజానికి 2.1 లీటర్లే. హెచ్చవేస్తే దాదాపు 3 లీటర్లయింది. అంతే, పెద్దవాళ్ళ విభాగంలోకి వెళ్ళి కూర్చుంది!

మూడోది బరువు. ఇంజిన్ పెద్దదయ్యేకొద్దీ కారు కనీస బరువు కూడా పెరగాలి. పెద్ద ఇంజిన్ పెట్టుకుని కారుని దూదిపింజలా తేలిక చేస్తామంటే కుదరదు. చక్రాల వెడల్పుకి కూడా ఇంజిన్ని బట్టి హద్దు పెట్టారు.

ఇక రేసులు చాలావరకూ 500 కిలోమీటర్లో, మూడున్నర గంటలో సాగేవి. బెల్జియంలోని స్పాలో అయితే ఏకంగా 24 గంటలు. అంతసేపు ఒక్కరే నడపలేరు. మధ్యలో ఒకరు దిగి ఇంకొకరు ఎక్కాలి. ఫలితాల పట్టికలో ఇద్దరి పేర్లూ ఒకే వరసలో పడతాయి.

ఈ చివరి సంగతి నాకు చాలా ముఖ్యమనిపించింది. ఒకే కారుని ఇద్దరు నడుపుతుంటే అందులో తేడా ఉందో లేదో ఇద్దరికీ తెలుస్తుంది. ఒకరి మాటకి ఇంకొకరి సాక్ష్యం ఉంటుంది. ఇద్దరి టైములూ పక్కపక్కనే కనబడతాయి. ఆడమనిషి కాబట్టి తిప్పలేకపోతోందనే మాటకి చోటేదీ? మార్చ్ టీమ్‌లో లెల్లాకి లేనిదీ, టూరింగ్ కార్లలో దొరికిందీ అదేనని నాకనిపిస్తుంది.

ఆ ఛాంపియన్‌షిప్‌లో కంపెనీల టైటిల్‌ని 1982 నుంచి 1985 వరకూ వరసగా నాలుగేళ్ళూ ఆల్ఫా రోమియోనే గెలుచుకుంది. మొత్తం మీద ముందు దూసుకెళ్ళింది పెద్ద బీఎండబ్ల్యూలూ, జాగ్వార్లూ, వోల్వోలే. 1984లో డ్రైవర్ల టైటిల్ జాగ్వార్ నడిపిన టామ్ వాకిన్‌షాది. అయినా విభాగంలో సాధించినదానికి విలువ కట్టే పద్ధతి ఉండబట్టి, మధ్య సైజు కారు కూడా నెగ్గింది. ఆ నాలుగేళ్ళూ ఆల్ఫాలు నడిపినవాళ్ళలో లెల్లా ఒకరు.

ఆ కాలపు రేసుల్లో ఆడవాళ్ళకి విడిగా బహుమతులుండేవి. మాంటె కార్లో ర్యాలీలో మహిళల కప్పు అందరికీ తెలిసిందే. అది తప్పని నేననను. బొత్తిగా చోటు లేనప్పుడు విడి చోటైనా మేలే. కానీ లెల్లా అర పాయింటు గానీ, ఆరు గంటల గెలుపులు గానీ, టూరింగ్ కార్ ఫలితాలు గానీ మగాళ్ళున్న పట్టికలోనే ఉన్నాయి. ఆడవాళ్ళ వరస అంటూ వేరే గీత గీయలేదు. ఆమె పేరు తుడిచేస్తే ఆ పట్టికే తప్పవుతుంది.

సొంత టీమ్

1980లలో రొమ్ము క్యాన్సర్ రూపంలో కష్టం వచ్చిపడింది. 1988లో రేసుల నుంచి తప్పుకుంది. తప్పుకున్నాక ఊరుకుందా అంటే అదీ లేదు. 1989లో లొంబార్డి ఆటోస్పోర్ట్ అని తన పేరుతోనే టీమ్ పెట్టింది. ఒకప్పుడు సీటు కోసం టీముల గుమ్మాల ముందు నిలబడ్డ మనిషి, సీటు ఎవరికివ్వాలో తేల్చే కుర్చీలో కూర్చుంది.

1992 మార్చి 1న దక్షిణాఫ్రికా గ్రాండ్ ప్రీ జరిగింది. జొవాన్నా అమాటి అనే ఇటలీ అమ్మాయి ఆ రేసుకి పేరిచ్చినా అర్హత దొరకలేదు. సరిగ్గా రెండు రోజులకి, మార్చి 3న, మిలాన్‌లో లెల్లా కన్నుమూసింది. మరో మూడు వారాలుంటే 51 నిండేవి. అమాటి తర్వాత ఫార్ములా వన్ రేసుకి డ్రైవరుగా ఏ మహిళా పేరివ్వలేదు.

సగం పాయింట్ల రూలు కూడా అలాగే ఉండిపోలేదు. 2021లో బెల్జియంలో వాన వల్ల రేసు సరిగ్గా సాగకుండానే సగం పాయింట్లిచ్చారని గొడవైంది. దాంతో 2022 నుంచి, ఎంత దూరం సాగితే అంత అన్నట్టు మెట్లు మెట్లుగా ఇచ్చే పద్ధతి పెట్టారు. చూస్తుంటే రూల్సు మార్చడం అంత కష్టమేం కాదనిపిస్తుంది. ఏడో స్థానానికి విలువ కట్టాలనుకున్నారు, కట్టారు. సగం బాగాలేదన్నారు, మార్చారు. మారడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టేది రాయని రూల్సే.

అందుకే మీకొక మాట. మన ఇళ్ళల్లోనూ, ఆఫీసుల్లోనూ మనల్ని రావద్దనే రూలు ఎక్కడా రాసి ఉండకపోవచ్చు. అంతమాత్రాన దారి సాఫీగా ఉందనుకోకండి. అలాగని వెనక్కీ తగ్గకండి. మీరు నడిపే బండిలో తేడా మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒకసారి చెబితే వినలేదా, మళ్ళీ చెప్పండి. మీ పక్కనున్న మరో ఆడమనిషి అలాంటి మాటే చెబితే, ఇంకో మగాడొచ్చి సాక్ష్యం చెప్పేదాకా ఆగకుండా, ముందు మీరు నమ్మండి.